కెమేరాకు చలవ కళ్ళద్దాలు

చీకట్లో ఇబ్బందిపడేవాణ్ణి చూసి జాలిపడతాం గాని, వెలుతురు ఎక్కువై ఇబ్బందిపడుతున్నానని ఎవరైనా అంటే నవ్వుకుంటాం. విందుభోజనం ఎక్కువై బాధపడేవాడి వ్యవహారంలా ఉంటుంది అది. కాని ఫోటోలు తీసే అలవాటున్నవాళ్ళను అడిగి చూడండి. అందులోనూ మా నల్లమల అంచున, లింగాల వంటి ఊళ్ళో, చైత్ర వైశాఖాలలో కెమేరా మెడలో వేసుకుని బయలుదేరినవాళ్ళను అడగండి. ఉదయం తొమ్మిది దాటిందంటే చాలు, గుట్టమీది బండలు, బీడు నేలలు, సున్నం కొట్టిన గోడలు, తారురోడ్డు అన్నీ కూడబలుక్కున్నట్టు ఒక్కసారిగా తళతళలాడడం మొదలుపెడతాయి. మనుషులు నెత్తిన తువ్వాలు వేసుకుంటారు, గొర్రెలు చెట్టు నీడకు పోతాయి. పాపం కెమేరాకు మాత్రం ఏ అడ్డమూ ఉండదు.

నేను తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి. వ్యాకరణానికీ కెమేరాకూ ఏం చుట్టరికమని మా కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పే మిత్రుడు వేళాకోళం చేస్తూంటాడు. అతనికి కోపం రాకుండా ఈ సంగతిని నాకు తోచిన పద్ధతిలో చెబుతాను. కెమేరాలో జరిగేదంతా కుళాయి కింద బిందె పట్టడం లాంటిది. బిందె సరిగ్గా నిండాలి. తక్కువైతే బొమ్మ నల్లబడుతుంది, పొర్లిపోతే తెల్లబడిపోతుంది. లెన్సులోని రంధ్రమే కుళాయి. షట్టరు తెరిచి ఉన్నంతసేపూ కుళాయి విప్పి ఉన్నట్టు. ఐ.ఎస్.ఓ. అనే అంకె ఉంటుందే, అది బిందె పరిమాణం చెబుతుంది. అంకె పెరిగేకొద్దీ బిందె చిన్నదవుతుంది.

పాతకాలపు ఫోటోగ్రాఫర్లకు మీటరు చూడకుండా వేసే నోటిలెక్క ఒకటి ఉండేది. నిండు ఎండలో రంధ్రాన్ని ఎఫ్ 16 దగ్గర ఉంచితే, ఐ.ఎస్.ఓ. ఎంత ఉందో సెకండులో అన్నో వంతు షట్టరు పెట్టుకోవాలి. 100 ఉంటే సెకండులో 100వ వంతు. ఈ లెక్క నేటికీ చెడిపోలేదు. కెమేరాలు మారాయి గాని సూర్యుడు మారలేదు.

సరే, సెకండులో నూరోవంతు కాలం మనకు చాలకపోతే? పారే నీరు పట్టుదారంలా కనబడాలంటే షట్టరు నాలుగోవంతు సెకండైనా తెరిచి ఉండాలి. ఎండలో అంతసేపు తెరిస్తే బిందె పొర్లి వాకిలంతా నీళ్ళే. అంతకంటె పెద్ద బిందె కెమేరాలో దొరకదు. రంధ్రాన్ని మరీ చిన్నది చేస్తే, అంత ఇరుకులోంచి దూరిన వెలుతురు అంచుల వెంట చెదిరి బొమ్మకు పదును పోతుంది. ఇక మిగిలింది ఒకటే ఉపాయం. మా ఇళ్ళలో మట్టి రాకుండా బోరునీళ్ళ కుళాయి మూతికి ఆడవాళ్ళు గుడ్డ కడతారు చూశారూ? ధార సన్నబడుతుంది, బిందె తీరుబడిగా నిండుతుంది. లెన్సు మూతికి కట్టే ఆ గుడ్డే ఎన్.డి. ఫిల్టరు. చూడడానికి పొగచూరిన అద్దం ముక్క. గుండ్రని చట్రంలో ఉంటుంది, లెన్సు ముందు మరలా తిప్పి బిగిస్తారు. దాన్ని మొదటిసారి చూసి మా ఆవిడ, "కెమేరాకు కూడా చలవ కళ్ళద్దాలా? ఇంట్లో మనుషులకు ఎప్పుడు కొంటారు?" అన్నది. మొదటి ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పాను.

ఎన్.డి. అంటే న్యూట్రల్ డెన్సిటీ. పాఠ్యపుస్తకం తెలుగులో తటస్థ సాంద్రత. ఇటువంటి మాటలు వింటే పిల్లలు తెలుగు మీడియం నుంచి పారిపోతారంటే వాళ్ళను తప్పుపట్టలేను. కాని అందులో 'తటస్థ' అన్న మాట నాకు ఇష్టం. తటం అంటే ఒడ్డు. వాగులో ఎవరు కొట్టుకుంటున్నా ఒడ్డున నిలబడి చూసేవాడు తటస్థుడు. ఈ అద్దం చెయ్యవలసిందీ అదే. ఎరుపునుంచి ఎంత తీసుకుంటే నీలంనుంచీ అంతే తీసుకోవాలి, ఆకుపచ్చనుంచీ అంతే. పక్షపాతం పనికిరాదు. చవకరకం అద్దాలు ఇక్కడే తప్పటడుగు వేస్తాయి. కొన్ని బొమ్మను గోధుమరంగుకు లాగుతాయి, కొన్ని వంగపండు రంగుకు. మరీ నల్లటి అద్దాలలో ఇంకో తంటా ఉంది. కంటికి కనబడే వెలుతురును ఆపి, కనబడని పరారుణ కిరణాలను దొడ్డిదారిన పోనిస్తాయి. పచ్చని ఆకులు ఆ కిరణాలను విస్తారంగా తిప్పికొడతాయి కనుక అడవిలో తీసిన బొమ్మలో రంగులు ఎర్రగా తిరిగిపోతాయి. అందుచేత దుకాణంలో అద్దం చేతికి తీసుకోగానే తెల్లకాగితం మీద పెట్టి చూడండి. కాగితం బూడిదరంగులో కనబడితే మంచి కుటుంబం. ఇంకే రంగు తొంగిచూసినా దండం పెట్టి వచ్చెయ్యండి.

అసలు కొనేవాణ్ణి తికమక పెట్టేది పేర్లు. మన పిల్లలకు హాజరుపట్టీలో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు, అమ్మమ్మ పిలిచేది ఇంకొక పేరు ఉన్నట్టు ఒకే అద్దానికి మూడు పేర్లు. వెలుతురును ఎనిమిదోవంతుకు తగ్గించే అద్దాన్ని ఒకరు ఎన్.డి. 8 అంటారు, ఇంకొకరు 0.9 అని అచ్చువేస్తారు. మూడోవారు మూడు స్టాపులంటారు. ఒక్కొక్క స్టాపుకూ వెలుతురు సగమవుతుందని గుర్తుంచుకుంటే చిక్కు విడిపోతుంది. సగంలో సగం, అందులో సగం, వెరసి ఎనిమిదోవంతు. దశాంశాలలో ఉన్నదాన్ని 0.3తో భాగిస్తే స్టాపులు వస్తాయి. 0.9 అంటే మూడు, 1.8 అంటే ఆరు, 3.0 అంటే పది. ఆరు స్టాపులది 64వ వంతు వెలుతురును లోపలికి వదులుతుంది. పదిది వెయ్యోవంతు. పది స్టాపుల అద్దంలోంచి చూస్తే పట్టపగలు కూడా ఏమీ అగుపించదు. అందుకే ముందుగా బొమ్మ కూర్చుకుని, ఫోకసు సరిచూసుకుని, ఆటోను ఆపేసి, ఆ తరువాత అద్దాన్ని బిగించుకోవాలి.

ఒక అపోహ గురించి కూడా చెప్పాలి. ఎండ కఠినంగా ఉంది కనుక ఈ అద్దం పెడితే మెత్తబడుతుందని చాలామంది అనుకుంటారు. మెత్తబడదు. అందరికీ సమానంగా జీతం కోసినంత మాత్రాన పేదవాడూ ధనవంతుడూ ఒకటవుతారా? బండమీద తెల్లటి ఎండ, బండకింద నల్లటి నీడ ఉంటే రెండూ అదే పాళ్ళలో తగ్గుతాయి, తేడా తేడాగానే ఉంటుంది. ముఖం మీద పడే మిట్టమధ్యాహ్నపు నీడలకు మందు చెట్టు నీడ, గొడుగు, లేదా సాయంత్రం దాకా ఓపిక. అలాగే ఎంత నల్లటి అద్దమైనా సూర్యుణ్ణి చూడడానికి పనికిరాదు. 2019 డిసెంబరు 26నాటి గ్రహణంనాడు మా విద్యార్థి ఒకడు ఇటువంటి అద్దమొకటి కంటికి పెట్టుకోబోతే చేతిలోంచి లాక్కున్నాను. ఇందాక చెప్పిన పరారుణ కిరణాలు కంటిపొరను కాల్చేస్తాయి, నొప్పి కూడా తెలియదు.

మా మేనల్లుడు అచ్చంపేటలో పెళ్ళి వీడియోలు తీస్తాడు. ఆ వృత్తిలో ఈ అద్దం సరదాకు కాదు, కూటికి. వీడియోలో సెకండుకు 25 బొమ్మలు నడుస్తాయి. ఒక్కొక్క బొమ్మకూ షట్టరు 50వ వంతు సెకండు దగ్గర ఉంటే కదలిక కంటికి హాయిగా ఉంటుంది. ఎండపందిట్లో అద్దం లేకుండా తీస్తే షట్టరు రెండువేలవ వంతుకు పరిగెత్తుతుంది. అప్పుడు తలంబ్రాలు తలంబ్రాల్లా రాలవు, వడగళ్ళు కొట్టినట్టు ఉంటాయి. అందుకని అతను తిప్పితే నలుపు పెరిగే రకం అద్దం వాడతాడు. నిజానికి అవి పోలరైజరు అద్దాలు రెండు, ఒకదానిమీద ఒకటి. పందిట్లోకీ బయటికీ తిరిగేవాడికి అది దేవుడిచ్చిన వరం. కాని ఆశకొద్దీ చివరిదాకా తిప్పితే, వెడల్పు లెన్సుతో తీసిన ఆకాశంలో నల్లగా ఇంటూ గుర్తు ప్రత్యక్షమవుతుంది, పరీక్ష పేపరు దిద్దినట్టు.

నేను కొనదలచింది ఒకటే అద్దం. ఇంటి ఆర్థికమంత్రి మంజూరు అంతవరకే. ఏది కొనాలన్నదానిమీద మామాఅల్లుళ్ళ మధ్య పదిహేను రోజులు వాదం నడిచింది. సందర్భం సలేశ్వరం జాతర.

సలేశ్వరం మా లింగాల మండలంలోనే, అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఉంది. ఏడాదికి ఒక్కసారి, చైత్ర పౌర్ణమి ముందువెనుక రోజుల్లో మాత్రమే జనాన్ని వెళ్ళనిస్తారు. హైదరాబాదు వైపునుంచి వచ్చేవాళ్ళు శ్రీశైలం రోడ్డుమీద ఫరహాబాదు దగ్గర అడవిలోకి తిరిగి, బండి ఆగినచోటినుంచి నడుస్తారు. మావైపు వాళ్ళు అప్పాయిపల్లి మీదుగా నడిచిపోతారు. కర్ర ఊతంగా పట్టుకుని, లింగమయ్యను కేకవేసి పిలుచుకుంటూ, రెండు గుట్టల మధ్య బండలు దిగి లోయ అడుగుకు చేరితే అక్కడ ఎత్తునుంచి గుండంలోకి పడే నీళ్ళు, గుహలో లింగం. పూజలు చేసేది చెంచులు. లోకమంతా ఎండిన వేసవిలో కూడా ఆ ధార సన్నగానైనా పడుతూనే ఉంటుంది.

మా అమ్మకు డెబ్బైరెండేళ్ళు. మోకాళ్ళు మాట వినడం మానేశాయి. "ఈసారి దిగి వస్త బిడ్డా. మల్ల సంవత్సరం సంగతి లింగమయ్యకే ఎరుక" అన్నది. ఆ ధార దగ్గర ఆమె ఫోటో తియ్యాలని అప్పుడే నిశ్చయించుకున్నాను.

"మామా, పది స్టాపులది కొందం" అన్నాడు మేనల్లుడు. "నీళ్ళు పాలలెక్క, పొగలెక్క వస్తయి. ఇంకొకటేందంటే, షట్టరు అంతసేపు తెరిస్తే జాతర జనం మొత్తం మాయమైతరు. ఒక్క సలేశ్వరమే మిగుల్తది."

అతను చెప్పింది నిజమే. ఇది ఫోటోగ్రఫీ పుట్టిననాటినుంచీ ఉన్న ఇంద్రజాలం. 1838లో డగేర్ అనే ఆయన పారిస్‌లో తన కిటికీలోంచి ఒక రద్దీ వీధిని బొమ్మ తీశాడు. ఆనాటి పలక వెలుతురును పట్టడానికి నిమిషాలకు నిమిషాలు పట్టేది. బళ్ళు, గుర్రాలు, నడిచేవాళ్ళు ఎవరూ అందులో పడలేదు. వీధి బోసిగా ఉంది. ఒక మూల ఒక మనిషి మాత్రం మిగిలాడు. బూట్లకు పాలిష్ పెట్టించుకుంటూ కదలకుండా నిలబడ్డాడు గనుక మిగిలాడు. ఆ తరువాతి కాలపు స్టూడియోలలో కూర్చున్నవాడి తల కదలకుండా వెనుకనుంచి ఇనుప పట్టీ అమర్చేవారట. వాళ్ళు మనుషుల్ని నిలపడానికి అంత తంటాలు పడ్డారు. మనం డబ్బిచ్చి మాయం చేసుకుంటున్నాం.

నాకు జనం మాయం కావడం ఇష్టంలేదు. ఇందుకు పెద్ద కారణం ఒకటి, సొంత కారణం ఒకటి ఉన్నాయి. పెద్ద కారణం ఏమంటే, 1940లో క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుడు ఈ అమ్రాబాద్ పీఠభూమిమీది చెంచుల మధ్య ఉండి పరిశోధన చేశాడు. చెంచులమీద ఆయన పుస్తకం 1943లో లండనులో అచ్చయింది. ఆ ఫోటోల ముందు కూర్చుంటే కొండలవైపు ఎవరి చూపూ పోదు. ముఖాలనే చూస్తాం. కొండలు ఇప్పటికీ ఉన్నాయి, వెళ్ళి చూడవచ్చు. ఆ ముఖాలు ఆ కాగితాలమీద తప్ప ఇంకెక్కడున్నాయి?

సొంత కారణం మా ఇంటి గోడమీద ఉంది. నా చిన్నతనంలో నాన్న సలేశ్వరంలో తీయించుకున్న ఫోటో అది. జాతరలో తిరిగే ఫోటోగ్రాఫరు ఎవరో లోయలో, నీడలో తీశాడు. వెలుతురు చాలక షట్టరు ఎక్కువసేపు తెరిచి ఉండాలి. సరిగ్గా ఆ క్షణంలో నాన్న, వెనుక పడిపోయిన అమ్మను పిలవడానికి తల తిప్పాడు. నీళ్ళు పొగలా వచ్చాయి, నాన్న ముఖమూ పొగలా వచ్చింది. చొక్కా గుండీలు లెక్కపెట్టవచ్చు, చేతికర్ర కణుపులు లెక్కపెట్టవచ్చు. ముఖం మాత్రం తుడిచేసిన పలక. అక్కడ ఆయనను తీసిన ఫోటో ఇంకొకటి లేదు. ఇప్పుడు ఆయనా లేడు. నలభై ఏళ్ళుగా అమ్మ ఆ ఫోటోకు పసుపు కుంకాలు పెడుతూనే ఉంది గాని, దానివంక తేరిపార చూడగా నేను చూడలేదు.

మా వాదం చెవినపడి ఆమే తీర్పు చెప్పింది. "మీ అద్దాల సంగతి నాకెందుకు గాని, నీళ్ళు నీళ్ళలెక్కనే పడాలె, నేను నా లెక్కనే పడాలె."

ఇక లెక్క కట్టడం నా పని. లోయలో నీడ ఉంటే వెలుతురు నిండు ఎండకంటె దాదాపు మూడు స్టాపులు తక్కువ. ఎఫ్ 11 పెడితే షట్టరు సుమారు 30వ వంతు సెకండు వస్తుంది. దానికి మూడు స్టాపుల అద్దం తగిలిస్తే రమారమి నాలుగోవంతు సెకండు. ధారలో పోగులు కలిసిపోకుండా, అలాగని సూదుల్లా గుచ్చుకోకుండా ఉండే కాలం అది. రాతిమీద కుదురుగా కూర్చున్న మనిషి నాలుగోవంతు సెకండు కదలకుండా ఉండగలదు. మేనల్లుడు కోరిన పది స్టాపుల అద్దానికైతే అదే నీడలో ముప్ఫై నలభై సెకండ్లు కావాలి. డెబ్బైరెండేళ్ళ మనిషి, అంత నడిచి వచ్చి ఆయాసపడుతున్న మనిషి, నలభై సెకండ్లు ఊపిరి బిగబట్టడం యోగులకే చెల్లు. పైగా నీడ లేనప్పుడు కూడా మూడు స్టాపుల అద్దానికి ఇంటిపట్టున పని ఉంది. మిట్టమధ్యాహ్నం లెన్సును ఎఫ్ 1.8కు తెరిచి, వెనుక దృశ్యం మసకబారేలా పిల్లల ఫోటో తియ్యాలంటే షట్టరు ఎనిమిదివేలవ వంతు కావాలి. నా కెమేరా నాలుగువేలతో ఆగిపోతుంది. ఈ అద్దం పెడితే వెయ్యోవంతుతో సరిపోతుంది. అన్నివిధాలా మూడే నెగ్గింది.

కొనేటప్పుడు లెన్సు మూత లోపలివైపు సున్నాకు అడ్డగీత గీసినట్టున్న గుర్తు పక్కన అంకె చూసుకున్నాను. ఇంట్లో ఉన్న లెన్సులలో పెద్దదానికి 77 మిల్లీమీటర్ల అద్దం తీసుకుని, చిన్నదానికి జతచేసే ఉంగరం ఒకటి కొంటే చాలు. లెన్సుకొక అద్దం కొనడం దండుగ.

జాతరనాడు మేము దిగేసరికి పైబండల మీద ఎండ, లోయ అడుగున నీడ. గుండం చుట్టూ జనం. అమ్మ చేతికర్ర పక్కనపెట్టి, కొంగు సర్దుకుని, తడి తగలని రాయి చూసుకుని కూర్చుంది. మేనల్లుడు స్టాండు నిలబెట్టాడు. "అమ్మమ్మా, ఊపిరి బిగబట్టు" అన్నాడు. ఆమె బిగబట్టింది. ఎనిమిదిసార్లు తీశాను. నాలుగింట ఎవరో ఒకరు అడ్డం వచ్చారు, రెండింట ఆమె కన్ను మూసింది. ఏడోది కుదిరింది. ధార పట్టుపోగులా దిగుతోంది. అమ్మ ముఖంలో ప్రతి ముడతా ఉన్నచోటనే ఉంది. వెనుక స్నానాలు చేసేవాళ్ళలో కొందరు నిలకడగా ఉన్నారు, కొందరు కాస్త చెదిరారు. చెంబెత్తి తలమీద నీళ్ళు పోసుకుంటున్న ఒకాయనకు ముఖం స్పష్టంగా ఉంది గాని చెయ్యి మాత్రం మసక.

కెమేరా వెనుక తెరమీద చూపిస్తే అమ్మ తన ముఖం ఒకసారి చూసుకుని, "మంచిగనే ఉన్న" అన్నది. తరువాత వేలుపెట్టి వెనుకవాళ్ళను ఒక్కొక్కరినే చూడడం మొదలుపెట్టింది. ఆ ఎర్రచీర మనతోబాటు దిగిన పిల్ల కదా, ఈయన నిన్న గుడిదగ్గర మజ్జిగ పోసినాయన కదా అంటూ. నేనెన్నడూ ఎరగని మనుషులు. చెంబాయన దగ్గర ఆగి, "ఈయన చెయ్యేమైంది?" అన్నది. కదిలింది గనుక అలా వచ్చిందని చెప్పాను. కాసేపు దానివంకే చూసి, "ముఖముంది గద. చాలు" అని కర్ర అందుకుంది.

మేనల్లుడు తన పట్టుదల వదలలేదు. ఆ తరువాతి నెలలోనే సొంత డబ్బుతో పది స్టాపులది కొని, కొల్లాపురం అవతల సోమశిల వెళ్ళి కృష్ణ ఒడ్డున తీసుకొచ్చాడు. నిజం చెప్పొద్దూ, బాగున్నాయి. శ్రీశైలం వెనుకజలాలు అద్దం పరిచినట్టు, మబ్బులు దూది ఏకినట్టు వచ్చాయి. మనుషులు లేనిచోట ఆ అద్దం చేసే గారడీ నాకూ నచ్చింది, ఆ మాట అతనితోనూ అన్నాను. దానికి పొంగిపోయి మళ్ళీ వెళ్తానని నా స్టాండు పట్టుకుపోయాడు. ఇంకా తెచ్చి ఇవ్వలేదు.